గంటకి ఐదు నిమిషాల అల్లుడు

మా అల్లుడు ఇల్పో పేకాట మీద బతుకుతాడు. ఈ మాట చెప్పగానే జనం ముందు నా ముఖం చూస్తారు, తర్వాత నా కూతురు సైయాని తలుచుకుని జాలిపడతారు. ఆ జాలి ఎవరింట్లో వాళ్ళు దాచుకుంటే మంచిది. ఇల్పో తాగి వాగే మనిషి కాదు. ఒకరి దగ్గర చెయ్యి చాచిన మనిషీ కాదు. ఉత్తరాన సముద్రం ఒడ్డున ఉన్న మా కెమి ఊళ్ళో కాగితం మిల్లు మూతపడ్డాక మా బిల్డింగులో ఉన్న మొగవాళ్ళందరిలోకీ అద్దె వేళకి కట్టినవాడు అతనొక్కడే. అంత పద్ధతైన మనిషి కాపురం ఎలా పోయిందని అడిగితే, ఆ పద్ధతిలోనే పోయిందని చెప్పాలి.

నేను పెద్దగా చదువుకోలేదు. మిల్లు క్యాంటీనులో గరిటె తిప్పుతూ ముసలిదాన్నయ్యాను. పళ్ళెం పట్టుకుని వరసలో నిలబడ్డ మనిషి ముఖం చూస్తే, పొద్దున ఇంట్లో ఏం గొడవైందో చెప్పేదాన్ని. ఇల్పో ముఖం మాత్రం నాకు ఏనాడూ అందలేదు. మిల్లులో అతని పని కాగితం యంత్రం గదిలో తెరల ముందు కూర్చోవడం. షిఫ్టంతా ఏమీ జరగదు. కాగితం పోతూనే ఉంటుంది. ఎప్పుడో ఒకసారి పుటుక్కున తెగుతుంది. అప్పుడు మిగతావాళ్ళు అరుచుకుంటూ పరిగెత్తుతారు. ఇతను మాత్రం లేచి చెయ్యాల్సింది చేసి, మళ్ళీ వచ్చి కూర్చునేవాడు. ఆ యంత్రాన్ని విప్పి ఓడలో ఎక్కించుకుపోయారు. కూర్చునే విద్య మాత్రం ఇతని దగ్గరే ఉండిపోయింది.

అంతకుముందు సెలవు రోజుల్లో కంప్యూటర్లో పైసల పేకాట ఆడేవాడు. మిల్లు పోయాక దాన్నే ఉద్యోగం చేసుకున్నాడు. ఎక్కడెక్కడి దేశాల వాళ్ళో వేలమంది ఒకే టోర్నమెంటులో కూర్చుంటారు. అందరూ ప్రవేశ రుసుము కట్టాలి, అందరికీ సమానంగా బిళ్ళలిస్తారు, బిళ్ళలు పోయినవాడు ఇంటికి పోతాడు. చివరిదాకా మిగిలిన కొద్దిమందే డబ్బు చూస్తారు.

"అంటే నువ్వు ఎక్కువసార్లు ఓడిపోతావా?" అని ఒకసారి అడిగాను.

"దాదాపు రోజూ ఓడిపోతాను అత్తయ్యా."

"మరి తిండెక్కడిది?"

"ఎప్పుడో ఒకటి తగులుతుంది. అది తగిలేదాకా తప్పు ఆడకుండా ఓడిపోవడమే పని."

మిల్లులో అతనితో పనిచేసిన కౌకోకి ఈ మాట ఎక్కలేదు. ఇతను గెలవగా లేనిది నేను గెలవనా అని అతనూ మొదలుపెట్టాడు. వేసవి తిరక్కుండానే మా వంటింట్లో కూర్చుని శోకాలు మొదలెట్టాడు. కాఫీ కప్పు విసిరి తన తెర తనే పగలగొట్టుకున్నాడట.

"హెల్వక్కా, నీ అల్లుడిది ఉత్త అదృష్టం. నా చేతిలో రెండు ఆసులు! ఆసులు! వాడెవడో బ్రెజిల్ వాడు, చెత్త ముక్కలు పట్టుకొచ్చి నన్ను ముంచేసి పోయాడు."

"అలాంటివాళ్ళు ఉంటేనే మనకి కూడు, కౌకో," అన్నాడు ఇల్పో. "ఐదుసార్లు అలా వస్తే నాలుగుసార్లు నీకే ఇచ్చి పోతాడు."

"ఆ ఐదోసారి నాకే తగలాలా?"

"ఎవరికో ఒకరికి తగలాలిగా."

"నీకు కోపం రాదా?"

"వచ్చిన రోజు ఆడను."

"నువ్వు మనిషివి కాదురా, ఫ్రిజ్జువి!"

"ఫ్రిజ్జు నయం," అన్నాను నేను. "తలుపు తీస్తే లోపల లైటన్నా వెలుగుతుంది."

సైయా పొట్ట పట్టుకుని నవ్వింది. ఇల్పో కూడా నవ్వాడు. అప్పటికింకా ఆ ఇంట్లో నవ్వులున్నాయి. వాళ్ళది మూడో అంతస్తు, నాది కింద. శనివారం సాయంత్రం బిల్డింగు సౌనాలో, అదే అందరికీ కలిపి ఉన్న ఆవిరి స్నానాల గదిలో, మా వంతు అయ్యాక అందరం నా వంటింట్లోనే కాఫీ తాగేవాళ్ళం.

ఈ ఆటకి ఏం కావాలో నేను దగ్గరుండి చూశాను కనక చెప్తాను. తెలివి కావాలంటారు, అది ఒక పాలు. మిగతాదంతా ఓర్పు. వచ్చిన ముక్కల్ని వచ్చినట్టే పడేస్తూ కూర్చోవాలి, గడ్డకట్టిన సముద్రానికి చిల్లు కొట్టుకుని గాలం వేసినవాడిలా. వారమంతా తను ఆడిన ఆటల్ని తిరగేసి తప్పులు వెతుక్కునేవాడు. గెలిచినవి కూడా.

"గెలిచిన ఆటలో తప్పేమిటయ్యా?"

"తప్పు ఆడి గెలిచినవి ఉంటాయి అత్తయ్యా. వాటితోనే ప్రమాదం. మనిషి వాటిని ఒప్పనుకుని ఉండిపోతాడు."

ఆట డబ్బు వేరు, ఇంటి డబ్బు వేరు. దీన్ని దాంట్లో కలపడు. ఆ డబ్బుకి మించిన పెద్ద ఆట ఆడాలంటే తనలో వాటాలు అమ్మేవాడు. ఇక్కడ సాల్మన్ చేపల రోజుల్లో నలుగురూ కలిసి ఒక పడవ పెట్టేవాళ్ళు చూడండి, అలాగే. కౌకో, ఇంకో ఇద్దరు మిల్లు వాళ్ళు తలా కొంత వేసుకుని ఇల్పోలో వాటా కొనేవాళ్ళు, గెలిస్తే ఆ లెక్కన పంచుకునేవాళ్ళు. కాగితం లేదు, సంతకం లేదు, మాటే. సొంతంగా ఆడితే కప్పులు పగలగొట్టే కౌకో, ఇల్పోలో వాటా కొనుక్కున్నాక చర్చికి పోయినవాడిలా బుద్ధిగా ఉండేవాడు.

పెద్ద ఆటలన్నీ ఆదివారాలు. లోకమంతా సెలవు తీసుకుని డబ్బు పోగొట్టుకోడానికి వచ్చే రోజది. ఆ రోజు రాకుండా ఇంకే రోజు వచ్చినా దండగ. అందుకని ఆ ఇంట్లో ఆదివారం అనేది లేకుండా పోయింది. మధ్యాహ్నం తలుపు మూసుకుని కూర్చుంటే లేవడం ఎప్పటికో తెలీదు. అయితే ఆ ఆటలకి ఒక కట్టుబాటుంది. ప్రతి గంటా నిండబోయే ముందు ఐదు నిమిషాలు అందరికీ ఒకేసారి విరామం. బ్రెజిల్ వాడైనా, కెమి వాడైనా అప్పుడే లేవాలి, అప్పుడే తినాలి, అప్పుడే దొడ్డికి పోవాలి.

సైయా కాపురం ఆ ఐదు నిమిషాల్లోకి వచ్చి పడింది. వృద్ధుల సంరక్షణ ఇంట్లో వారమంతా షిఫ్టులు చేసే పిల్ల, ఆదివారం పూట పళ్ళెం పట్టుకుని గడియారం కింద నిలబడేది. అతను బయటికి రాగానే రొట్టె చేతిలో పెట్టి గబగబా చెప్పేది, హీటరు సంగతి, నా మోకాలి సంగతి, పనిలో ఎవరు పోయారో ఆ సంగతి. అతను నములుతూ తలాడించేవాడు. ఒకసారి సగం మాటలో ఉండగానే వేళయిందని లోపలికి పోయాడు. గంట తర్వాత వచ్చి, "ఆ, తర్వాత?" అన్నాడు. నిజంగా వినాలనే అడిగాడు, పాపం. అప్పటికి ఆ మాట చెప్పాలన్న కోరిక దానికి చచ్చిపోయింది.

తర్వాత ఒక చలికాలం వచ్చింది. సముద్రం గడ్డకట్టిన దగ్గర్నుంచి ఆ గడ్డ విరిగేదాకా ఇల్పోకి ఒక్క పెద్ద ఆటా తగల్లేదు. ముఖంలో ఏమీ మారలేదు. కాలంబట్టి వచ్చేదే, ఆడగా ఆడగా సర్దుకుంటుంది అనేవాడు.

"గెలిచావా?" అని సైయా అడిగేది.

"బాగానే ఆడాను."

"గెలిచావా అని అడుగుతున్నా."

"లేదు. బాగానే ఆడాను."

ఆ చలికాలంలోనే ఒక ఆదివారం మెట్ల దగ్గర మంచు మీద జారి సైయా మణికట్టు విరగ్గొట్టుకుంది. నేను ఏదో పని మీద పైకి వెళ్తే, వంటింట్లో చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, ముఖం సున్నంలా పాలిపోయి కూర్చుని ఉంది.

"ఏమైందే?"

"ష్! పడ్డానమ్మా. విరిగినట్టుంది."

"మరి పిలవ్వేం అతన్ని?"

"ఇంకాసేపట్లో విరామం వస్తుందిగా."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ తలుపు మీద దబదబా బాదాను. ఇల్పో బయటికొచ్చి దాని చెయ్యి చూశాడు. చూసి ఆడుతున్న ఆటలన్నీ అలాగే వదిలేసి, కోటు దాని భుజాన కప్పి ఆసుపత్రికి తీసుకుపోయాడు. కారులో, "పిలిస్తే వచ్చేవాణ్ణిగా సైయా," అన్నాడు. "తెలుసు," అంది అది. అతను అడగకుండానే తను అలా కూర్చోడం నేర్చుకున్నందుకు దానికి భయం వేసిందని తర్వాత నాతో చెప్పింది. చెయ్యి నొప్పి కంటే అదే ఎక్కువట.

వసంతం వచ్చేసరికి సైయా దక్షిణాన దూరంగా ఉన్న తంపేరే ఊళ్ళో ఉద్యోగం చూసుకుంది. ఇల్పో, "వెళ్దాం, నా పని ఎక్కడైనా సాగుతుందిగా," అన్నాడు.

"నీ పని రావడం కాదు. నువ్వు రావాలి."

అతనికి ఆ తేడా అర్థమైందో లేదో. రైలు టిక్కెట్లు రెండు తీసింది, జూన్‌లో ఒక ఆదివారం సాయంత్రానికి. మిగతా రోజులన్నీ వదిలేసి ఆదివారమేమిటే అంటే, "ఆదివారమే కావాలమ్మా," అంది. ముందురోజు సౌనా అయ్యాక, తడి జుట్టుతో, నా బల్ల దగ్గర నా ఎదుటే అతనితో చెప్పింది.

"ఇల్పో, రేపు నువ్వు నాతో బండెక్కితే ఇద్దరం వెళ్తాం. ఎక్కకపోతే నేనొక్కదాన్నే వెళ్తాను. ఇంక ఎప్పటికీ ఒక్కదాన్నే. తర్వాత అర్థం కాలేదని అనకు."

"అర్థమైంది. వస్తాను," అన్నాడు. కప్పు తిప్పుతూ, "ఒక్కటే ఉంది," అన్నాడు.

రేపటి పెద్ద ఆటకి అతను ఎప్పుడో చిన్న ఆటలో గెలిచి సీటు సంపాదించుకున్నాడట. ఆ సీటు వెనక్కివ్వడానికి లేదు. పైగా అందులో వాటాలు అప్పటికే కౌకో వాళ్ళకి అమ్మేశాడు. కూర్చోకపోతే వాళ్ళ ముగ్గురికీ మాట తప్పినట్టు.

"అది మధ్యాహ్నం మొదలవుతుంది," అన్నాడు. "రైలు వేళకి పదిమందిలో తొమ్మిదిమంది బయటికి పోతారు. నేనూ పోతాను. పోగానే పెట్టె పట్టుకుని స్టేషన్‌కి వచ్చేస్తాను. నడిస్తే ఎంతసేపు?"

"ఏమయ్యా, ఓడిపోతానని మాటిస్తున్నావా?" అన్నాను.

"లెక్క అలాగే ఉంది అత్తయ్యా."

సైయా తడి జుట్టు ముడేసుకుంది. "సరే. ఓడిపోయి రా," అంది.

లోకంలో ఇంకే మొగవాడైనా ఆ మాటకి కోప్పడేవాడు, లేదా నవ్వేవాడు. ఇతను నిజంగానే తేలికపడ్డాడు. రోజూ ఓడిపోయే మనిషి కదా, ఓటమి తనని మోసం చెయ్యదనుకున్నాడు.

ఆదివారం అతని పెట్టె కూడా సర్ది తలుపు దగ్గర పెట్టుకున్నాడు. ఆ సంగతి అతని తరఫున చెప్పి తీరాలి. కౌకో మమ్మల్ని కారులో స్టేషన్‌కి తీసుకొచ్చాడు. ఎండ వెలుగు ఇంకా పట్టాల మీద మెరుస్తూనే ఉంది. జూన్‌లో మాకు చీకటి పడదు. సైయా బెంచీ మీద కూర్చుంది. కౌకో ఫోనులో ఇల్పో ఆట చూస్తూ నిలబడ్డాడు. ఆ ఆటల్ని బయటివాళ్ళు కూడా చూడొచ్చట.

"ఉన్నాడా?" అన్నాను.

"ఉన్నాడు."

మరి కాసేపటికి, "ఇప్పుడో?"

"ఉన్నాడు హెల్వక్కా. బిళ్ళలు రెండింతలయ్యాయి." అతని ముఖం వెలిగింది. సైయాని చూసి వెంటనే ముఖం దించుకున్నాడు. "నన్ను తిట్టు సైయా. ఫోన్ చేసి, నా వాటా నాకొద్దు, లేచి రారా అని చెప్పెయ్యనా? ఆ ఇద్దరికీ నేను సర్దిచెప్తాను."

"వద్దు," అంది సైయా. "అప్పుడు నువ్వు లేపినట్టవుతుంది."

స్టేషన్ గడియారం ముల్లు కదులుతోంది. జనం ఒక్కొక్కరే పెట్టెలతో వస్తున్నారు. ఉన్నట్టుండి కౌకో, "అబ్బా!" అన్నాడు. "మొత్తం బిళ్ళలన్నీ పెట్టేశాడు. రాణుల జత. ఎదుటివాడి దగ్గర రాజుల జత. అయిపోయింది. మనవాడు పోయాడు!"

సైయా చటుక్కున లేచింది. కోటు గబగబా తొడుక్కుంటూ రోడ్డు వైపు తిరిగింది, అతను అప్పుడే ఆ మలుపులో కనబడతాడన్నట్టు. దాని ముఖం నేను చూశాను. పెళ్ళినాడు కూడా అంత వెలుగు లేదు. మొగుడు ఓడిపోతే పెళ్ళాం అంతగా సంతోషించడం నేను ఇంకెక్కడా చూడలేదు.

"ఆగు... ఇంకో ముక్క ఉంది," అన్నాడు కౌకో. ఫోను ముఖానికి దగ్గరగా పెట్టుకున్నాడు.

"ఏం?" అన్నాను.

"రాణి పడింది," అన్నాడు గొంతు తగ్గించి. "మూడు రాణులు. బతికాడు. ఇప్పుడు అందరికంటే ఇతని దగ్గరే ఎక్కువున్నాయి."

సైయా మళ్ళీ కూర్చుంది. కోటు బొత్తాలు ఒక్కొక్కటే పెట్టుకుంది. అయినా రోడ్డు వైపే చూస్తోంది. ముక్క ఏది పడినా మనిషి లేవచ్చు కదా, కుర్చీకి కట్టెయ్యలేదు కదా అని నేనూ అటే చూశాను. చెయ్యి విరిగితే లేచిన మనిషే.

ఫోను మోగింది. సైయా ఫోను చూడలేదు, గడియారం చూసింది. తొమ్మిదికి ఐదు నిమిషాలు తక్కువ.

అప్పుడే అంతా అయిపోయింది. అతను ఏం చెప్తాడన్నది ఆ తర్వాత మాట. లేచి వస్తూ దారిలో చేసిన ఫోనైతే ఎప్పుడైనా మోగేది. ఇది విరామంలో మోగింది. స్పీకరు పెట్టింది, మేమూ విన్నాం.

"సైయా, ఎప్పుడూ ఇలా జరగదు. ఇంకా ఉన్నాను. ఇంతమందిలో కొద్దిమందిమే మిగిలాం. నీ ఉద్యోగం బుధవారం కదా, రేపు పొద్దున బండికి నేను వచ్చేస్తాను, ఇవాళైనా రేపైనా తేడా ఏమీ..."

"బాగా ఆడావా?" అంది.

"బాగానే ఆడాను. కాదు, ఆ రాణి మాత్రం అదృష్టమే."

"ఇంకా రెండు నిమిషాలున్నాయి. మంచినీళ్ళు తాగి కూర్చో," అని పెట్టేసింది.

ఎంత మెత్తగా అందో ఆ మాట. తిట్టినా బాగుండేది. బండి వచ్చింది. కౌకో పెట్టె ఎక్కించాడు. నేను దాని మెడలో కండువా సర్దాను, ఎండగా ఉన్నా సర్దాను. రెండో సీటు మీద తన సంచీ పెట్టుకుని కూర్చుంది.

ఆ ఆటలో ఇల్పో రెండోవాడిగా నిలిచాడు. చలికాలమంతా పోయిందీ, అంతకుముందు పోయిందీ అన్నీ పూడిపోయి, ఇక్కడ ఒక ఇల్లు కొనుక్కునేంత మిగిలింది. మర్నాడు పొద్దున నిద్ర కూడా పోకుండా ముందు వాటాలవాళ్ళకి వాళ్ళ వంతు పంపేసి, పెట్టె పట్టుకుని తంపేరే బండెక్కాడు. సైయా స్టేషన్ కాఫీ కొట్లో కలిసింది. బన్ను కూడా ఇప్పించిందట. సాయంత్రం బండికి అతను తిరిగొచ్చేశాడు.

"ఏమన్నాడే?" అని ఫోనులో అడిగాను.

"అన్నీ వివరంగా చెప్పాడమ్మా. ఎందుకు లేవకూడదో, లేస్తే వాళ్ళ ముగ్గురికీ ఎంత అన్యాయమో. ఒక్క మాట కూడా తప్పు కాదు. ఏడుస్తాడేమోనని చూశాను."

కౌకో తన వంతు డబ్బుతో కొత్త పడవ కొన్నాడు. దానికి ఇంకా పేరు పెట్టలేదు. నేను దానివైపు చూసినప్పుడల్లా నాకు మొహం చాటేస్తాడు.

ఇల్పో ఇప్పటికీ ఆ మూడో అంతస్తులోనే ఉన్నాడు. ఇల్లు కొనలేదు. ఎవరి కోసం కొనాలి? ఆదివారాలు పాలు పోసి కాచిన సాల్మన్ సూపు, బార్లీ రొట్టె పట్టుకెళ్తాను. కూతురు వదిలేసినవాడికి వండిపెట్టడమేమిటని కింద మెట్ల దగ్గర ఆడవాళ్ళు గుసగుసలు. నా గిన్నె, నా చేప, మీకేం నష్టమన్నాను. వేళ చూసుకునే వెళ్తాను. తప్పదు మరి, తలుపు తెరుచుకునేది అప్పుడే.

మొన్న అలాగే వెళ్తే, నిలబడి సూపు తాగుతూ నన్నే అడిగాడు.

"అత్తయ్యా, ఎక్కడ తప్పు ఆడాను?"

"ఏ ఆటలో?"

"ఆ రోజు. సీటు తీసుకోవడమా, వాటాలు అమ్మడమా, రాణి పడ్డాక లేవకపోవడమా? తిరగేసి తిరగేసి చూశాను. ఎక్కడికక్కడ ఒప్పుగానే కనిపిస్తోంది."

ఏడాదిగా ఆ ఒక్క సాయంత్రాన్నే తిరగేస్తున్నాడన్నమాట. గెలిచిన ఆటలో తప్పు వెతుక్కుంటున్నాడు. నాకు జవాబు తెలుసు. నాలుక చివరే ఉంది.

"చెప్తాను, కూర్చో," అన్నాను. "ఆ పిల్ల స్టేషన్‌లో..."

అతని కళ్ళు నా తల మీదుగా గోడ గడియారం మీదికి పోయాయి. "ఒక్క నిమిషం అత్తయ్యా," అని గిన్నె బల్ల మీద పెట్టి లోపలికి పోయాడు. తలుపు మూసుకుంది. లోపల్నుంచి మౌసు టిక్కు టిక్కుమంటోంది.

నేను వెళ్ళిపోవచ్చు. వెళ్ళలేదు. గిన్నె మీద పళ్ళెం మూసి, సైయా కూర్చునే కుర్చీలో కూర్చున్నాను. గంట తర్వాత తలుపు తెరుచుకుంది.

"ఆ, తర్వాత?" అన్నాడు.

"సూపు చల్లారిపోయింది," అన్నాను. "వేడి చేసుకుని తాగు."